సెలవుల వారబందీ

మా డివిజన్లో జబ్బులు మితిమీరుతున్నాయని పైవాళ్లకు శ్రావణమాసం వెళ్లిన వారానికి తెలిసింది.

అంతకు ముందు ఏడాది మా శాఖవాళ్లు దయతలిచి కుటుంబ ఆరోగ్య సెలవు అని ఒకటి పెట్టారు. ఉద్యోగి ఇంట్లో భార్యకో, భర్తకో, బిడ్డకో, కన్నవాళ్లకో జబ్బు చేస్తే పక్కన కూర్చోవడానికి జీతంతో సెలవు. డివిజను మొత్తానికి ఏడాదికి ఆరువందల రోజులు. మంచి ఏర్పాటే. కాకపోతే ఆ ఆరువందల రోజులనూ ఆఫీసులో ఫ్యాను కింద కూర్చునేవాళ్లు నాలుగు నెలల్లో వాడేశారు. మిగిలిన ఎనిమిది నెలలూ మా ఇళ్లల్లో మంచాన పడ్డవాళ్లు ఎవరికివాళ్లు లేచి మంచినీళ్లు ముంచుకు తాగారు.

దానిమీద అర్జీలు వెళ్లాయి. నేను పెట్టలేదు. నేను అర్జీలు పెట్టే మనిషిని కాను. మాట్లాడే మనిషిని అసలే కాను.

నా పేరు యలమంద. మా ఊరి బళ్లో ఏడో తరగతి వరకు చదివాను. ఇరవై నాలుగేళ్లుగా మేజరు కాలువ మీద పదకొండో తూము దగ్గర లస్కరుని. పెద్ద ఉద్యోగమేమీ కాదు. పైనుంచి కాగితం వస్తే తూము షట్టరు ఎత్తాలి, ఇంకో కాగితం వస్తే దించాలి. పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి గేజి మీద నీళ్లు ఏ గీత దాకా ఉన్నాయో చూసి పుస్తకంలో రాయాలి. అన్నిటికన్నా ముఖ్యం, వారబందీ అమలు చేయాలి. అంటే వంతులు. కాలువ నీళ్లు అందరికీ ఒక్కసారే చాలవు కాబట్టి ఏ పొలానికి ఏ రోజు, ఎన్ని గంటలు అని పైవాళ్లు రాసి పంపిస్తారు.

నా తూము కింద చిట్టచివర ఎనభై ఎకరాలుంది. టెయిలెండ్ అంటారు. వాళ్ల వంతు వచ్చేసరికి కాలువలో నీళ్లుండవు. నీళ్లున్నప్పుడు వాళ్ల వంతుండదు. అందులో రెండెకరాలు మీరావలిది. ప్రతి తడికీ సైకిలు తొక్కుకుంటూ వచ్చి అడుగుతాడు.

“అన్నా, ఒక్క గంట ఎత్తగూడదా? నారుమడి నెర్రెలిచ్చింది.”

నేను వంతుల బోర్డు వైపు గడ్డం ఎత్తి చూపిస్తాను. ఇరవై నాలుగేళ్లలో మా ఇద్దరి మధ్య జరిగిన సంభాషణ మొత్తం ఇదే. మాట తగ్గిస్తే మనిషి మర్యాదస్తుడవుతాడని నా నమ్మకం. మీరావలి మాత్రం నన్ను వెనకాల సిమెంటు దిమ్మ అంటాడని విన్నాను. అదీ నా గురించే కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

అర్జీల మీద ఈఈ గారు, అంటే మా డివిజనుకంతటికీ పెద్ద ఇంజనీరు గారు, సమావేశం పెట్టారు. ఆయనకు రెండేళ్ల కింద వారబందీ బాగా నడిపినందుకు శాలువా కప్పారు. ఆ శాలువా ఆయన కుర్చీ మీద ఇప్పటికీ ఉంటుంది. బల్ల మీది నీళ్లు తాగి, గొంతు సవరించుకున్నారు.

“మిత్రులారా, సెలవు ఒక పరిమిత వనరు. నీరు కూడా పరిమిత వనరే. పరిమిత వనరును న్యాయబద్ధంగా, శాస్త్రీయంగా చిట్టచివరి లబ్ధిదారు వరకు చేరవేయడంలో ఈ డివిజనుకున్న అనుభవం మరెవరికుంది?”

చిట్టచివరి లబ్ధిదారు అన్నప్పుడు అందరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను.

ఈఈ గారు లేచి బోర్డు మీద కాలువ బొమ్మ గీశారు. పైన పెద్ద డబ్బా గీసి అది డివిజను ఆఫీసన్నారు. అది హెడ్డు. దాని కింద సబ్ డివిజన్లు మేజర్లు, సెక్షన్లు మైనర్లు, మేము ఆయకట్టు.

“ప్రతి నెలా ఒకటో తేదీన హెడ్డులో యాభై రోజుల సెలవు విడుదల చేస్తాం. అది వంతుల ప్రకారం పైనుంచి కిందికి ప్రవహిస్తుంది. ఎవరి వంతులో వారు తమ కుటుంబంలో అస్వస్థతను వినియోగించుకోవచ్చు. వంతు తప్పి అస్వస్థతకు గురికావడాన్ని అక్రమ వినియోగంగా పరిగణిస్తాం.”

అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను. అబద్ధమెందుకు, నాకు నచ్చింది. ఇరవై నాలుగేళ్లలో ఆఫీసువాళ్లు మాట్లాడింది నాకు పూర్తిగా అర్థం కావడం అదే మొదలు.

“యలమందా, నీది టెయిలెండు కదా. నీకేమైనా సందేహాలున్నాయా?” అని ఈఈ గారు అడిగారు.

“లేవండి” అన్నాను.

ఆ ఒక్క మాటనే ‘క్షేత్రస్థాయి సిబ్బంది హర్షం వ్యక్తం చేశారు’ అని సమావేశం పుస్తకంలోకి ఎక్కించారని తర్వాత తెలిసింది.

దసరా వెళ్లాక మా ఆవిడ ఆదెమ్మకు కుడి పక్కటెముకల కింద నొప్పి మొదలయింది. మొదట గ్యాసన్నారు. పట్నంలో డాక్టరమ్మ స్కానింగు తీయించి, పిత్తాశయం నిండా రాళ్లున్నాయంది. నవంబరు పదిహేడున ఆపరేషనుకు తేదీ ఇచ్చింది. ఆలస్యం చేస్తే రాయి జారి దారికి అడ్డం పడుతుందని, అప్పుడు ప్రాణం మీదికొస్తుందని చెప్పింది.

“పక్కన ఒక మనిషి పది రోజులుండాలి. ఇక్కడ ఐదు, ఇంటి దగ్గర ఐదు. బిందె కూడా ఎత్తకూడదు. ఎవరుంటారు?” అని అడిగింది.

ఆదెమ్మ నా వంక చూసింది. మాకు పిల్లల్లేరు. ఆమెకు తోబుట్టువులు లేరు. నాకున్న ఒక్క అన్నతో మాటల్లేవు. తగాదా ఏమీ లేదు, మా ఇంట్లో మాటల్లేకపోవడం అలవాటు.

సెలవు కాగితం పట్టుకుని డివిజను ఆఫీసుకు వెళ్లాను. సెలవుల సీటు పట్టాభి గారిది. ఆయన సీనియర్ అసిస్టెంటు. కాగితం చూడకుండానే అడిగారు.

“ఎన్ని రోజులు?”

“పదండీ.”

“పది యాడ పది? హెడ్డులో పదా, టెయిల్లో పదా?”

నేను ఆయన మొహం వంక చూశాను.

“అట్టా గుడ్లప్పగించి చూస్తే ఎట్టయ్యా? హెడ్డులో పది వదిలితే నీ కాడికి ఆరొస్తాయి. దారిలో ఇంకుడు, ఆవిరి, గట్ల లీకేజీ. నలభై శాతం ప్రవాహ నష్టం. కాలవ మీద పుట్టి పెరిగినోడివి, నీకు నేను జెప్పాలా?”

“సెలవు ఆవిరైద్దా అండీ?”

“ఆ బీరువా మీద ఫైళ్లుండాయి చూడు. ఏ ఒక్కదాన్నయినా తీసి చూసుకో, తడి ఉంటే నన్నడుగు.”

పదికి బదులు పదిహేడని దిద్దించారు. తర్వాత ఇంకో ఫారం తీశారు.

“జబ్బు విస్తీర్ణం?”

“ఒక్క మనిషండీ.”

“మాగాణా, ఆరుతడా?”

ఇది నాకు తెలియలేదు. పట్టాభి గారు కళ్లజోడు తీసి ఓపిగ్గా చెప్పారు. జ్వరం, విరేచనాలు, కాన్పు మాగాణి జబ్బులు. వరిలాగా వీటికి ఎప్పుడూ నీళ్లు నిలబడి ఉండాలి, అంటే మనిషి పక్కనే ఉండాలి. ఎముకలు, పళ్లు, రాళ్లు ఆరుతడి జబ్బులు. మిరపలాగా వీటికి ఒక తడి ఇచ్చి, ఆరనిచ్చి, మళ్లీ ఇంకో తడి ఇవ్వాలి.

“నీది రాళ్లు. రోజు మార్చి రోజు సెలవు.”

“ఆపరేషనండీ.”

“అయితే ఏమైంది? మధ్యలో ఆరనియ్యకపోతే వేరుకుళ్లు పట్టుద్ది.”

డాక్టరమ్మకు ఆ ఫారం చూపించాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చదివింది.

“ఒకరోజు కోసి, ఒకరోజు ఆరబెట్టి, మూడో రోజు కుట్టమంటారా? మీ ఆఫీసరు గారికి ఏమైనా నొప్పులుంటే తీసుకురండి. ఆయనకు అట్లాగే చేస్తా” అంది.

ఈ మాట ఆఫీసులో చెప్పలేదు. చెప్పి ఉంటే రెండో అభిప్రాయమని ఫైలులో కుట్టేవాళ్లు.

తర్వాత వారం మా సెక్షను ఏఈ శ్రీకర్ గారు మా ఇంటికొచ్చారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంజనీరు, చిన్నవాడు, మంచివాడు. చంకలో ఒక గేజి బోర్డు. తెల్లరంగు మీద నల్లగీతలు, సున్నా నుంచి పది వరకు. దాన్ని ఆదెమ్మ మంచం పక్కన గోడకు మేకులతో కొట్టించారు.

“ఇదేంది బాబూ?” అంది ఆదెమ్మ.

“బాధామట్టం కొలిచే గేజమ్మా. మీ నొప్పి ఎంత ఉందో ఉదయం ఆరింటికి, సాయంత్రం ఆరింటికి మీ ఆయన రీడింగు తీసి పంపాలి. మట్టం ఏడు దాటితేనే సెలవు విడుదలకు సిఫార్సు చేస్తాం. ఇప్పుడెంత ఉంది?”

“నువ్వు మేకులు కొట్టకముందు నాలుగుంది. ఇప్పుడు తొమ్మిది.”

శ్రీకర్ గారు రాసుకోబోయి ఆగారు. “మేకుల వల్ల వచ్చింది తాత్కాలిక వరద అమ్మా, లెక్కలోకి రాదు.”

“మా ఆయన కాలవ గేజి రాస్తే నీళ్లొచ్చినయ్యా, నా గేజి రాస్తే సెలవొచ్చుద్దా?” అని ఆదెమ్మ నన్ను చూసింది. “ఇదుగో, నిన్నే. ఒక్క మాటన్నా అడగవేందయ్యా ఆ బాబును?”

నేను సుత్తి అందించాను. మేకు వంకరపోయింది మరి.

పదిరోజులు రీడింగులు పంపాను. నొప్పితో ఆమె మెలికలు తిరుగుతుంటే నేను గోడ వైపు చూసి ఎనిమిదిన్నర అని రాశాను. రాసే పని అంత శ్రద్ధగా ఎప్పుడూ చేయలేదు. మూడోసారి రాస్తున్నప్పుడు ఆమె పుస్తకం లాక్కుని నా మొహాన కొట్టింది. సరిగ్గా తగిలింది. దానికి రీడింగు వేయలేదు.

నవంబరు మొదటి వారమయింది. సెలవు రాలేదు. తూము దగ్గర కట్ట మీద కూర్చుని ఉంటే మీరావలి వచ్చాడు. ఎప్పట్లాగే ఒక్క గంట నీళ్లు వదలమన్నాడు. నేను గడ్డం ఎత్తలేదు. ఎత్తే ఓపిక లేదు.

“ఏందన్నా, ఒంట్లో బాలేదా?”

ఎందుకో చెప్పాను. నాలుగు ముక్కల్లో చెప్పాను గానీ, నా లెక్కకు అది ఉపన్యాసమే. మీరావలి సైకిలు స్టాండు వేసి పక్కన కూర్చున్నాడు. నవ్వాలా వద్దా అని కాసేపు ఆలోచించి, నవ్వేశాడు.

“టెయిలెండయినావా అన్నా! ఇంగ రా మాలో కలువు.”

నేను తూము వైపు తిరిగాను.

“కోప్పడమాక. నీళ్లు రాకపోతే మేమేం జేస్తామో జెప్తా విను. కాలవెంబడి పైకి నడిచిపోతాం. యాడ ఆగిందో కనబడద్ది. అడ్డం ఏసినోడు దొరుకుతాడు. మనకు నీళ్లు రావనుకో, కాకపోతే ఎవురు తాగారో తెలుసుద్ది. కడుపు సల్లబడుద్ది.”

మర్నాడు పైకి బయల్దేరాను.

సెక్షను ఆఫీసులో వర్క్ ఇన్‌స్పెక్టరు భార్యకు ఎడమకన్ను అదిరిందట. అది మంచిదో చెడ్డదో తేలేదాకా మూడు రోజులు వాడుకున్నాడు. సబ్ డివిజన్లో టైపిస్టు తల్లికి మోకాళ్ల నొప్పులు. నాలుగు రోజులు తీసుకుని ఆమెను తిరుపతి కొండ నడిపించి ఎక్కించుకొచ్చాడు. నొప్పి ఉందో లేదో తేల్చుకోవాలి కదా అన్నాడు. జీపు డ్రైవరు తన వంతులో ఇంట్లో ఎవరికీ ఏమీ కాకపోతే, భార్యను బతిమాలి జలుబు తెప్పించుకున్నాడు. ఇంట్లో అందరిచేతా ఐస్‌క్రీము తినిపించాడట. పిల్లలు సంతోషపడ్డారు.

డివిజన్లో పట్టాభి గారి కుర్చీ ఖాళీగా ఉంది. ఇంటికి వెళ్లాను. వరండాలో పేపరు చదువుకుంటున్నారు. వాళ్లమ్మగారు ఎనభై ఏళ్ల మనిషి, గట్టు మీద నిటారుగా కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నారు.

“రావయ్యా యలమందా. అమ్మకు బాగుండక పన్నెండు రోజులు పెట్టినా” అన్నారు పట్టాభి గారు.

“నాకేం రోగంరా?” అంది ఆవిడ.

“నువ్వూరుకో అమ్మా. రికార్డు ప్రకారం నువ్వు లేవకూడదు.” నా వైపు తిరిగారు. “ఏం జెయ్యమంటావ్? మా వంతొచ్చింది. వాడుకోకపోతే కిందికి పోద్ది.”

కిందికి పోద్ది అన్నప్పుడు ఆయన మొహంలో నిజంగా భయం కనిపించింది. హెడ్డు రైతుల మొహాల్లో అదే భయాన్ని ఇరవై నాలుగేళ్లుగా చూస్తున్నాను. అవసరానికి మించి మళ్లంతా నీళ్లు నింపి, గట్టు తెగి రోడ్డు మీదికి పారుతున్నా తూము మూయనివ్వరు. నేను వాళ్లను కూడా ఏమీ అనలేదు. వాళ్ల వంతు కదా అని గేజి రాసుకునేవాణ్ని. పట్టాభి గారిని కూడా ఏమీ అనకుండా లేచాను. వాళ్లమ్మగారు నా చేతిలో గుప్పెడు చిక్కుడుకాయలు పెట్టింది. ఆ నెల హెడ్డు నుంచి కిందికి దిగింది అవే.

ఈఈ గారు నన్ను కూర్చోమనలేదు గానీ, ప్రేమగానే మాట్లాడారు.

“యలమందా, నీ ఇండెంటు, అదే నీ సెలవు కాగితం, నా పరిశీలనలో ఉంది. టెయిలెండు వంతు డిసెంబరు పది నుంచి. అప్పటివరకు రోగిని నిల్వ చేయగలవా?”

“ఏమండీ?”

“నిల్వ. కాలువ కట్టేసినప్పుడు చెరువులో నిల్వ చేసుకుంటాం కదా. మీ ఇంట్లో నిల్వ సామర్థ్యం ఎంత?”

“నొప్పి రోజూ వస్తందండీ.”

“అది ఇన్‌ఫ్లో. నేనడిగేది స్టోరేజి.”

“డాక్టరమ్మ పదిహేడున రమ్మందండీ. ఆగితే ప్రాణం మీదికొచ్చుద్దంటండీ.”

నా జీవితంలో ఒక అధికారి ముందు వరసగా రెండు వాక్యాలు మాట్లాడటం అదే మొదటిసారి. ఈఈ గారు కూడా చలించారు. వెంటనే పెన్ను తీసి కాగితం మీద ఏదో రాశారు.

“మానవతా దృక్పథంతో ప్రత్యేక తడి మంజూరు చేస్తున్నాను. వెళ్లు.”

ఆ ప్రత్యేక తడి సబ్ డివిజను దాటి, సెక్షను దాటి పదహారో తేదీ పొద్దున నా తూము దగ్గరికి చేరింది. హెడ్డులో ఎన్ని రోజులు రాశారో నాకు తెలియదు. నాకు చేరింది మూడు గంటలు. పందొమ్మిదో తేదీ మధ్యాహ్నం రెండు నుంచి ఐదు వరకు. కింద ఎర్రసిరాతో ‘వృథా చేయరాదు’ అని ఉంది.

కాగితం పట్టుకుని నిలబడి ఉండగా మీరావలి సైకిలు గంట మోగించుకుంటూ వచ్చాడు.

“అన్నా, ఒక్క గంట...”

షట్టరు తిప్పే హ్యాండిలు తీసి అతని సైకిలు క్యారియరుకు పెట్టాను.

“ఏందిది?”

“పది రోజులు.”

“పది రోజులేంది?”

“ఆదెమ్మకు ఆపరేషను. పోతన్నా.”

“సెలవొచ్చిందా?”

కాగితం ఇచ్చాను. చదివాడు. మళ్లీ మొదట్నుంచి చదివాడు.

“మూడు గంటలా! నువ్వే నయమన్నా. మాకు బోర్డు మీదన్నా నాలుగు గంటలు సూపిచ్చినావు.”

“గేజి రాయటం వచ్చా?”

“ఇరవై నాలుగేళ్లనించి నువ్వు రాస్తంటే జూస్తన్నా గదా. అదేమన్నా కలెక్టరు పనా? నువ్వు పో.” కొంచెం ఆగి, “వదిన్ని బాగా జూసుకో. మాట్లాడు ఆమెతో. అక్కడ గూడా దిమ్మలాగా కూసోమాక” అన్నాడు.

పదిహేడున ఆపరేషను చేశారు. లోపలికి తీసుకెళ్లేముందు కాగితాల మీద సంతకం పెట్టడానికి మొగుడెక్కడ అన్నారు. ఇక్కడున్నానన్నాను. స్ట్రెచరు మీద నుంచి ఆదెమ్మ నా చొక్కా కొస పట్టుకుంది. తలుపు దాకా వదల్లేదు. నర్సమ్మ వేళ్లు విడదీయాల్సి వచ్చింది.

రెండున్నర గంటలు పట్టింది. డాక్టరమ్మ బయటికొచ్చి చిన్న సీసా చూపించింది. అందులో పద్నాలుగు రాళ్లు. ఒకటి అప్పటికే దారిలోకి జారుతోందట. “ఇంకో వారం ఆగి ఉంటే నేను మీతో ఇలా నవ్వుతూ మాట్లాడేదాన్ని కాదు” అంది. డిసెంబరు పది అంటే ఇంకో మూడు వారాలని వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. మిగతా నాలుగు రోజులూ దాదాపు అక్కడే కూర్చున్నాను. ఒత్తిగిల్లాలంటే పట్టుకున్నాను, జావ పట్టాను, జడ వేయబోయి చిక్కు చేశాను.

తెలివొచ్చాక ఆమె అడిగిన మొదటి మాట: “సెలవిచ్చారా?”

“ఆఁ.”

“పది రోజులూనా?”

“ఆఁ.”

కాసేపు నన్నే చూసింది. “అబద్ధం గూడా ఒక్క ముక్కలోనేనంటయ్యా?” అని కళ్లు మూసుకుంది.

పదకొండో రోజు తూము దగ్గరికి వెళ్లాను. కట్ట మీద ఎవరూ కొట్టుకోవడం లేదు. టెయిలెండు ఎనభై ఎకరాలూ తడిసి నల్లగా ఉన్నాయి. నేను ఉద్యోగంలో చేరాక ఆ రంగు చూడలేదు. మీరావలి హ్యాండిలు అప్పగించాడు. గేజి పుస్తకం నాకన్నా శుభ్రంగా రాశాడు.

“పైవోళ్లకు ముందిచ్చినాం. నిండినంక వాళ్లే మూసుకున్నారు, మా ముసలోళ్లు పోయి గట్టున కూసున్నారులే. ఆఖర్న మేం తీసుకున్నాం. సరిపోయినయ్యన్నా. ఎట్టా సరిపోయినయ్యో నాకూ అంతుబట్టలా.”

అంతలోనే శ్రీకర్ గారి జీపు వచ్చింది. నేను లేనని ఆఫీసుకు ఎవరూ చెప్పలేదట. టెయిలెండు తడిసిందని కబురందింది. దాంతో గాబరాపడి వచ్చారు. ఇది విడుదల కాని నీరు, ఎవరి నిర్లక్ష్యమని విచారణ మొదలయింది. తవ్వితే నా సంగతి బయటపడింది.

ఈఈ గారి గదిలో నిలబెట్టారు. పట్టాభి గారు ఫైలు పట్టుకుని పక్కన ఉన్నారు.

“పది రోజులు అనధికార గైర్హాజరు. ఇరవై నాలుగేళ్ల సర్వీసు మీద మచ్చ. సస్పెన్షను తప్పదు” అన్నారు ఈఈ గారు.

“చిన్న చిక్కుందండీ” అన్నారు పట్టాభి గారు. “ఇతను లేడని రాస్తే, పది రోజులు తూము ఎవరు నడిపారని పైవాళ్లడుగుతారు. రైతులే నడిపారని రాయాలి. నీళ్లు టెయిలెండుకు చేరాయని కూడా రాయాలి. అప్పుడు లస్కరు ఎందుకని అడుగుతారు. లస్కరు ఎందుకని అడిగినవాళ్లు అక్కడితో ఆగరండీ. పైకి వస్తారు.”

ఈఈ గారు కుర్చీ మీది శాలువా సవరించుకున్నారు.

“అలాగని సెలవిచ్చామని రాయడానికి లేదు. టెయిలెండు వంతు రాలేదు.”

“అవునండీ. పైనుంచి మనం వదల్లేదు. అయినా కిందికి చేరింది.” పట్టాభి గారు మాన్యువల్ తెరిచి వేలు పెట్టారు. “వదలకుండా చేరినదాన్ని ఊట అంటామండీ. ఊటకు ఎవరూ బాధ్యులు కారు.”

ఈఈ గారి మొహం తేటపడింది. అంత తెలివైన మనిషిని సెలవుల సీట్లో వృథా చేస్తున్నామే అన్నట్టు పట్టాభి గారిని చూశారు. నా చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించారు. అందులో ఇలా ఉంది: ‘పదిహేడు నుంచి ఇరవై ఆరు వరకు నేను విధుల్లోనే ఉన్నాను. అదే సమయంలో ఆసుపత్రిలోనూ, ఇంటి వద్దనూ కనిపించిన భాగాన్ని ఊటగా పరిగణించవలసినది.’

ఉద్యోగం నిలబడింది. నేను దణ్ణం పెట్టి వెళ్లబోతుంటే ఈఈ గారు పిలిచారు.

“ఆ పందొమ్మిదో తేదీ మూడు గంటల ప్రత్యేక తడి? అది సక్రమంగా వినియోగించుకున్నావా?”

ఆలోచించాను. ఆ మధ్యాహ్నం ఆదెమ్మ నిద్రపోయింది. ఆమెను చూస్తూ నేనూ నిద్రపోయాను.

“నిద్రబొయ్యానండీ.”

“మూడు గంటలు! నిద్ర!”

మొత్తం వ్యవహారంలో నా మీద వచ్చిన శిక్ష ఆ నిద్రకే. విలువైన సెలవును వృథా చేసినందుకు సంజాయిషీ రాసిచ్చాను.

ఇంటికొచ్చి కాగితాల నకళ్లు ఆదెమ్మ చేతిలో పెట్టాను. ఆమె చదువు ఐదో తరగతి. కూడబలుక్కుని మొత్తం చదివింది.

“డ్యూటీలోనే ఉన్నానని సంతకం పెట్టావా?”

“ఆఁ.”

“మరి నా పక్కన గోడకానుకుని కూసుందెవరయ్యా?”

“ఊట” అన్నాను.

ఆమె నవ్వబోయి, కడుపు పట్టుకుని, “నన్ను నవ్వించమాక, కుట్లు” అని మళ్లీ నవ్వింది. పెళ్లయి ఇన్నేళ్లలో నా మాటకు ఆమె నవ్వడం చూడలేదు. అసలు మాట ఉంటే కదా.

డిసెంబరు మొదట్లో కాలువ కట్టేయమని కాగితం వచ్చింది. టెయిలెండులో వరి పొట్ట మీద ఉంది. ఇంకొక్క తడి పడితే గింజ పాలుపోసుకుంటుంది. మీరావలి వచ్చాడు గానీ అడగలేదు. సైకిలు మీద నుంచి దిగకుండా కాలు నేలకానించి, కాలువలోకి చూస్తూ నిలబడ్డాడు. నేను షట్టరు దించాను. పూర్తిగా దిగడానికి ఇంకా రెండు చుట్లుండగా హ్యాండిలు తీసేశాను.

మూడు రోజుల తర్వాత శ్రీకర్ గారు తనిఖీకి వచ్చారు. షట్టరు కింద సన్నగా జారుతున్న నీళ్లను చూశారు. పుస్తకం తెరిచారు. విడుదల దగ్గర ‘లేదు’ అని రాసి ఉంది. టెయిలెండు గేజి దగ్గర ‘నాలుగు అంగుళాలు’ అని ఉంది. కారణం దగ్గర నేను రాసిన రెండక్షరాల మీద ఆయన వేలు ఆగింది.

“బాధ్యులెవరు యలమందా?”

“మాన్యువల్లో ఉందిగదండీ” అన్నాను.

శ్రీకర్ గారు కాసేపు పొలాల వైపు చూశారు. తర్వాత జేబులోంచి పెన్ను తీసి, పుస్తకాన్ని మోకాలి మీద పెట్టుకుని, ఆ వరసకు ఎదురుగా సంతకం పెట్టారు.